ఆ సీసాలో ఏముందో చెప్పండి: పరిశోధన పెప్టైడ్‌ల తయారీదారులకు, కొనుగోలు అధికారులకు ఒక బహిరంగ లేఖ

పరిశోధనశాలల కోసం పెప్టైడ్‌లు తయారుచేసి అమ్మే సంస్థల యాజమాన్యాలకు,
విశ్వవిద్యాలయాల, కళాశాలల కొనుగోలు సంఘాల సభ్యులకు,
పరిశోధనలకు నిధులు మంజూరు చేసే ప్రభుత్వ విభాగాల అధికారులకు,
రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలోని ఒక కళాశాలలో జీవరసాయన శాస్త్రం బోధిస్తూ, రొయ్యల చెరువుల్లో వచ్చే బ్యాక్టీరియా జబ్బుల మీద ఒక చిన్న పరిశోధనశాల నడుపుతున్నాను. పద్నాలుగు నెలల కిందట మేము కొన్న ఒక పెప్టైడ్ (ప్రోటీన్లను కట్టే అమైనో ఆమ్లాలు కొన్ని వరుసగా గొలుసుకట్టిన చిన్న అణువు) విషయమై అమ్మిన సంస్థకు ఐదు ఉత్తరాలు రాశాను, కొనుగోలు విభాగానికి రెండు వినతిపత్రాలు ఇచ్చాను, నిధులిచ్చిన విభాగానికి ఆధారాలతో నివేదిక పంపాను. వీటన్నిటికీ కలిపి నాకు అందిన జవాబు ఒక్క వాక్యం: "మీ దగ్గర నిల్వ చేయడంలో పొరపాటు జరిగి ఉంటుంది." అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు కనుక ఈ లేఖను అందరి ముందు పెడుతున్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. గుంటూరు, తిరుపతి, విశాఖపట్నాలలో ఇదే పని చేస్తున్న నా మిత్రులు కూడా వేరువేరు సంస్థల సరుకుతో ఇలాంటి ఇబ్బందే పడ్డామని చెప్పారు కాబట్టి, ఒక దుకాణం తప్పుగా కాక ఈ వ్యాపారం నడిచే పద్ధతిలోని లోపంగా దీన్ని చూడమని కోరుతున్నాను.

ముందుగా మా పని ఏమిటో చెప్పాలి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మొదలుకొని ప్రకాశం జిల్లా సింగరాయకొండ, కొత్తపట్నం దాకా ఈ తీరమంతా రొయ్య మీద బతుకుతోంది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను ఊడ్చేసిన రోజులు, 2009లో వన్నామి రొయ్యకు అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ నిండిన రోజులు ఇక్కడి కుటుంబాలు మరిచిపోలేదు. వైరస్‌తో పాటు విబ్రియో జాతి బ్యాక్టీరియా కూడా చెరువులను ఖాళీ చేస్తుంది. దానికి యాంటీబయాటిక్ వాడితే మరో చిక్కు: క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు ఏ మాత్రం దొరికినా విదేశీ రేవుల్లో కంటైనర్‌ను వెనక్కి తిప్పేస్తారు. అందువల్ల జంతువులు తమ ఒంట్లోనే తయారుచేసుకునే సూక్ష్మజీవనాశక పెప్టైడ్‌ల వైపు ప్రపంచమంతటా పరిశోధకులు చూస్తున్నారు. వన్నామి రొయ్య రక్తకణాల్లోనే పెనైడిన్ అనే పెప్టైడ్‌లు ఉన్నాయని 1997లో తెలిసింది. అంతకు పదేళ్ల ముందు, 1987లో, మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్ప చర్మంలో మాగైనిన్‌లను కనుగొన్నారు. వాటిలో మేము కొన్నది మాగైనిన్ 2, అందులో 23 అమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. ఉప్పు పెరిగేకొద్దీ ఇటువంటి పెప్టైడ్‌ల శక్తి తగ్గుతుంది. చెరువు నీటి ఉప్పదనం లీటరుకు 5 గ్రాముల నుంచి 25 గ్రాముల దాకా మారుతున్నప్పుడు, ఏ ఉప్పదనం దగ్గర విబ్రియోను ఆపడానికి ఎంత మోతాదు అవసరమవుతుందో పట్టిక వేయడమే మా విద్యార్థిని పీహెచ్‌డీ అంశం. అంటే ఆ పట్టికలోని ప్రతి గడి, సీసాలో ఉన్న పెప్టైడ్ ఎంతో కచ్చితంగా తెలియడం మీదే ఆధారపడి ఉంది.

మొదటి లాట్‌తో, అంటే ఒకేసారి తయారైన మొదటి విడత సరుకుతో, పట్టిక సగం పూర్తయింది. రెండో లాట్ 50 మిల్లీగ్రాములు, 46 వేల రూపాయలు పెట్టి తెప్పించాము. అది మే నెలాఖరున, రోహిణి కార్తె ఎండలో, మామూలు అట్టపెట్టెలో వచ్చింది. లోపల జెల్ సంచి ఒకటి పూర్తిగా కరిగి వేడిగా ఉంది. దారిలో ఎంత వేడి తగిలిందో చూపే సూచిక ఏదీ పెట్టెలో లేదు. సీసా మీద మాత్రం స్వచ్ఛత 98.2 శాతం అని ఉంది. ఆ లాట్‌తో చేసిన మొదటి వారం ప్రయోగాల్లోనే విబ్రియోను ఆపడానికి పాత లాట్ కన్నా రెట్టింపు మోతాదు, కొన్నిసార్లు నాలుగింతలు కావలసి వచ్చింది.

ఇక్కడ ఏ విద్యార్థి అయినా ముందు తననే అనుమానించుకుంటుంది. మా అమ్మాయి కూడా అదే చేసింది. బ్యాక్టీరియాను కొత్తగా పెంచింది, మాధ్యమం మార్చింది, పిపెట్‌లన్నిటినీ మళ్లీ సరిచూసుకుంది, ఉప్పు ద్రావణాలను మూడుసార్లు తిరిగి చేసింది. నాలుగు నెలలు ఇలా గడిచాక, ఒక సాయంత్రం నేను పాత ఫైలు తెరిచి అదే సంస్థ అంతకుముందు పంపిన మరో పెప్టైడ్ విశ్లేషణ పత్రాన్ని దీని పక్కన పెట్టి చూశాను. రెండు పెప్టైడ్‌లకు పొడవులో, వరుసలో, విద్యుదావేశంలో ఏ పోలికా లేదు. అయినా రెండు పత్రాల మీదా ఒకే హెచ్‌పీఎల్‌సీ రేఖాచిత్రం (పదార్థంలోని భాగాలను విడదీసి చూపే యంత్రం గీసిన గీత) ఉంది. ప్రధాన పీక్ (ఒక్కో భాగానికి గీతలో లేచే శిఖరం) కనిపించిన సమయం రెండో దశాంశం దాకా ఒకటే. గీత అడుగున యంత్రంలో యాదృచ్ఛికంగా వచ్చే చిన్న చిన్న వంకరలు కూడా ఒకదానిమీద ఒకటి పెడితే సరిగ్గా సరిపోయాయి. హెచ్‌పీఎల్‌సీ నడిపిన ఎవరినైనా అడగండి, అలా జరగడం అసాధ్యమని చెబుతారు.

అప్పుడు ఒక సీసాను హైదరాబాద్‌లో బయటి పరిశోధనశాలకు పంపి పరీక్ష చేయించాము. అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీలో మేము కోరిన 2467 డాల్టన్‌ల (అణువు బరువుకు కొలమానం) అణువుతో పాటు, దానికన్నా 128 తక్కువ ఉన్నది ఒకటి, 16 ఎక్కువ ఉన్నది మరొకటి కనిపించాయి. 128 తగ్గిందంటే గొలుసులో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి జారిపోయింది. మాగైనిన్ 2లో 10, 11 స్థానాల్లో రెండు లైసిన్‌లు పక్కపక్కనే ఉంటాయి. 16 పెరిగిందంటే 21వ స్థానంలోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఆక్సిజన్ అంటుకుంది. హెచ్‌పీఎల్‌సీ ప్రకారం అసలైన పెప్టైడ్ వాటా 71 శాతం. అమైనో ఆమ్లాల విశ్లేషణ చేయిస్తే ఆ పొడిలో పెప్టైడ్‌లన్నీ కలిపి 58 శాతమే, మిగిలినది ఉప్పు, తేమ. రెండూ గుణిస్తే, 1 మిల్లీగ్రాము అనుకొని మా విద్యార్థిని తూచిన పొడిలో మేము డబ్బిచ్చి కొన్న పదార్థం 0.41 మిల్లీగ్రాము. ఆమె చేతిలో తప్పేమీ లేదు.

"నిల్వలో పొరపాటు" అన్న మాటకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను. సీసాలు వచ్చిన రోజునుంచి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉన్నాయి, ఫ్రీజర్ రికార్డు మా దగ్గర ఉంది. నిల్వ చెడితే మెథియోనిన్‌కు ఆక్సిజన్ అంటవచ్చు, తేమ చేరవచ్చు, అది నేను ఒప్పుకుంటాను. కానీ గొలుసు మధ్యలోంచి ఒక లైసిన్ ఊడిపోయి, మిగిలిన రెండు కొసలూ మళ్లీ అతుక్కోవడం ఏ ఫ్రీజర్‌లోనూ జరగదు. అది తయారీలోనే జరిగింది.

తయారీ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే తప్పు ఎక్కడ పుడుతుందో తెలిస్తేనే మా కోరికలు న్యాయమైనవో కాదో మీరు తేల్చగలరు. అమైనో ఆమ్లాలను సన్నని రెసిన్ గింజల మీద ఒకదాని తర్వాత ఒకటిగా కట్టే పద్ధతిని 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ ప్రకటించారు, 1984లో ఆయనకు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అదే 1963లో మనకు నూట డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దూరంలోని మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం పెప్టైడ్ గొలుసు ఏయే మెలికలు తిరగగలదో, ఏవి తిరగలేదో లెక్కగట్టిన పటాన్ని ప్రచురించింది. ఈ విద్య మనకు పరాయిది కాదని గుర్తుచేయడానికే ఆ మాట చెబుతున్నాను.

మెరిఫీల్డ్ పద్ధతిలో ప్రతి అమైనో ఆమ్లాన్నీ ఒక రక్షక తొడుగుతో చేరుస్తారు. చేరాక తొడుగు తీసి, కడిగి, తర్వాతి దానిని చేరుస్తారు. ఈనాడు ఎక్కువగా వాడేది ఎఫ్‌మాక్ అనే తొడుగు, దానిని పిపెరిడిన్‌తో తీస్తారు. అమైనో ఆమ్లాలను పూసలనుకుంటే, 23 పూసల దండకు 22 ముడులు పడాలి. ఒక్కో ముడి 99 శాతం సరిగ్గా పడితే చివరకు మిగిలే సరైన దండలు నూటికి 80. ఒక్కో ముడి 98 శాతమే అయితే 64. 97 శాతమైతే 51. మిగిలినవన్నీ ఎక్కడో ఒకచోట పూస తప్పిన దండలు, చూపుకు అసలు దానిలాగే ఉంటాయి. ముడి పడిందో లేదో తెలుసుకోవడానికి నిన్‌హైడ్రిన్ పరీక్ష ఉంది. నాలుగు గింజలు తీసి వేడిచేస్తే, చేరకుండా మిగిలిపోయిన చోట్లు ఉంటే నీలం రంగు వస్తుంది. నీలం వస్తే అదే అమైనో ఆమ్లాన్ని మరోసారి చేర్చాలి, అప్పటికీ మిగిలితే ఆ కొసలను ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో మూసెయ్యాలి. దీనికి సమయం పడుతుంది, ఖర్చవుతుంది. దండ పూర్తయ్యాక టీఎఫ్‌ఏ అనే బలమైన ఆమ్లంతో రెసిన్ నుంచి విడదీస్తారు, ఈథర్‌లో అవక్షేపిస్తారు, హెచ్‌పీఎల్‌సీ స్తంభం మీద శుద్ధి చేస్తారు, గడ్డకట్టించి ఆరబెడతారు. శుద్ధి చేసేటప్పుడు పీక్ నడుమ భాగాన్ని మాత్రమే పట్టుకుంటే సరుకు తగ్గుతుంది, మంచిగా ఉంటుంది. అంచులు కూడా కలుపుకుంటే సరుకు పెరుగుతుంది, పూస తప్పిన దండలు అందులో కలుస్తాయి. ఎక్కడ కోయాలో తయారీదారు నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం కొన్నవారికి ఎప్పటికీ కనిపించదు, వారికి కనిపించేది సీసా మీది అంకె ఒక్కటే.

ఆ అంకె గురించే నా ప్రధానమైన ఫిర్యాదు. "స్వచ్ఛత 98 శాతం" అంటే పొడిలో నూటికి 98 వంతులు పెప్టైడ్ అని కొన్నవారిలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. యంత్రం కాంతితో చూడగలిగిన వాటిలో ప్రధాన పీక్ వాటా 98 అని మాత్రమే దాని అర్థం. ఉప్పును, నీటిని ఆ యంత్రం చూడదు. మాగైనిన్ 2లో నాలుగు లైసిన్‌లు, ఒక హిస్టిడిన్, మొదటి కొస కలిపి ఆరు చోట్ల ధనావేశం ఉంటుంది. శుద్ధి చేశాక ఒక్కోచోట ఒక్కో టీఎఫ్‌ఏ అణువు అంటిపెట్టుకుంటుంది, ఒక్కొక్కటి 114 డాల్టన్‌లు. ఆరు కలిపితే 684, పెప్టైడ్ 2467. అంటే లోకంలోని అత్యంత నిజాయితీపరుడు, చుక్క తేమ లేకుండా తయారుచేసినా, టీఎఫ్‌ఏ లవణంగా అమ్మిన ఆ పొడిలో పెప్టైడ్ బరువు నూటికి 78. మా జిల్లాలో ధాన్యం అమ్ముకునే రైతు దగ్గర తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో బస్తా దించుకోరు. పుట్టికి 850 కిలోలు తూచేచోట అరకిలో తేడా వచ్చినా గొడవ జరుగుతుంది. గ్రాము లక్షల రూపాయలు పలికే పదార్థంలో మాత్రం ఉప్పెంత, నీరెంత అని అడిగితే "ఆ పరీక్షకు విడిగా డబ్బు చెల్లించాలి" అంటున్నారు. అమ్మేవాడు తన సరుకు అసలు బరువు చెప్పడానికి అదనపు రుసుము అడిగే వ్యాపారం మరొకటి నాకు తెలియదు.

ఇంకొన్ని మాటలు క్లుప్తంగా. పెప్టైడ్ బంధాన్ని చూడాలంటే 214 నుంచి 220 నానోమీటర్ల కాంతి దగ్గర కొలవాలి. 254 దగ్గర కొలిచి ఇచ్చిన పత్రాలు నా దగ్గర రెండున్నాయి, ఆ కాంతిలో చాలా మలినాలు కనిపించవు. హెచ్‌పీఎల్‌సీలో ప్రవాహాన్ని పది నిమిషాల్లో తొందరగా ముగిస్తే వేరుపడవలసిన పీక్‌లు ఒకదాని కింద ఒకటి దాక్కుంటాయి. లూసిన్, ఐసోలూసిన్ బరువు ఒకటే కనుక ఒకదాని బదులు మరొకటి వేసినా, తయారీలో ఒక అమైనో ఆమ్లం ఎడమచేతి రూపం నుంచి కుడిచేతి రూపానికి మారినా మాస్ చూసి పట్టుకోలేము. కాబట్టి ఒక్క పరీక్ష చాలదు.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో ఇప్పుడు వరుసగా చెబుతాను.

1. విద్యార్థుల ఏళ్లు పోతున్నాయి. మా విద్యార్థినికి ఫెలోషిప్ లేదు. పొద్దున ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా ప్రయోగశాలలో ఉంటుంది. చివరి బస్సు తప్పితే వాళ్ల నాన్న ఇరవై కిలోమీటర్లు మోపెడ్ మీద వచ్చి తీసుకువెళతారు. ఆ రెండో లాట్ మీద ఆమె పెట్టిన నాలుగు నెలల పని, దానికి ముందు వెనుకల ప్రయోగాలు కలిపి దాదాపు ఏడాది సిద్ధాంత గ్రంథంలో వేయలేని కాగితాలయ్యాయి. "మీ అమ్మాయి ఇంకా చదువుతూనే ఉందా" అని ఊళ్లో అడిగేవారికి ఆమె తల్లిదండ్రులు హెచ్‌పీఎల్‌సీ గురించి ఏమని చెబుతారు? పెద్ద సంస్థల్లో ఉన్నవారు వచ్చిన ప్రతి సీసాను తమ యంత్రం మీద పరీక్షించుకుంటారు. జిల్లా కళాశాలల్లో మాస్ స్పెక్ట్రోమీటర్ ఉండదు, విశ్లేషణ పత్రాన్ని నమ్మడం తప్ప మాకు వేరే దారి లేదు. అందువల్ల నష్టమంతా యంత్రం లేనివారి మీదే పడుతోంది. మా పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవారు.

2. రైతు చేతికి తప్పు లెక్క చేరుతుంది. మేము అనుమానించకుండా ఆ పట్టికను ప్రచురించి ఉంటే, లీటరుకు 20 గ్రాముల ఉప్పులో ఈ పెప్టైడ్ పనిచేయదని మరొకరు తీర్మానించి ఆ దారి వదిలేసేవారు. లేదా అసలు మోతాదుకు రెట్టింపు అవసరమని లెక్కవేసి, ఖర్చు గిట్టదని పక్కన పెట్టేవారు. మంచి లాట్‌తో చేసిన సగం, చెడ్డ లాట్‌తో చేసిన సగం ఒకే పట్టికలో కలిసి ఉంటే ఉప్పు ప్రభావం ఏదో, మలినం ప్రభావం ఏదో ఎవరూ విడదీయలేరు. విడవలూరులో మూడెకరాల చెరువు కౌలుకు తీసుకున్న ఒక రైతు, "సార్, మందు లేకుండా ఆపేది ఏదైనా దొరికిందా" అని ప్రతి పంటకూ నన్ను అడుగుతాడు. కౌలు, మేత, కరెంటు అప్పులతో చెరువు దింపిన మనిషికి నేను ఇచ్చే జవాబు ఒక తప్పుడు లేబుల్ మీద నిలబడి ఉండకూడదు.

3. మలినం కొద్దిగా ఉన్నా పెద్ద తప్పు జరగగలదు. టీకా పరీక్షల్లో రోగనిరోధక కణాల స్పందనను కొలవడానికి వాడే కొనుగోలు పెప్టైడ్‌లలో, సంబంధం లేని మరో పెప్టైడ్ అతి కొద్దిగా కలిసి ఉండటం వల్ల లేని స్పందన ఉన్నట్టు కనిపించిందని 2008లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. ఒక పాత్రలో చేసిన పెప్టైడ్ తాలూకు అవశేషం తర్వాతి దానిలో కలిస్తే చాలు. ఎండోటాక్సిన్ సంగతీ అంతే. బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చే ఈ పదార్థం లేశమాత్రం ఉన్నా మనిషి రక్తకణాలు, రొయ్య రక్తకణాలు కూడా కదిలిపోతాయి. పెప్టైడ్ వల్ల రోగనిరోధక శక్తి పెరిగిందని మేము మురిసిపోతే, అది నిజానికి సంస్థ వాడిన నీటిలోని బ్యాక్టీరియా పుణ్యమై ఉండవచ్చు.

4. ప్రజాధనం రెండుసార్లు ఖర్చవుతోంది. 46 వేల సరుకు, దానిని పరీక్షించడానికి మరికొంత, తిరిగి కొనడానికి మళ్లీ 46 వేలు. పైగా ఖర్చయిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం మేము సంతకం చేసి ఇవ్వాలి, అందులో "సరుకు సరిగా లేదు" అని రాయడానికి గడి లేదు. జాగ్రత్తగా తయారుచేసే సంస్థలు కూడా మన దేశంలో ఉన్నాయి, వారి పత్రాలు చూశాను, లాట్‌కు లాట్ విడిగా ఉంటాయి. వారు కొటేషన్‌లో రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఆగిపోతున్నారు. నీలం రంగు వచ్చినప్పుడు మళ్లీ ముడి వేసినవాడు ధర దగ్గర ఓడిపోతున్నాడు.

5. ఇది చెప్పడానికి నాకు భయంగా ఉంది, అయినా చెప్పాలి. "పరిశోధనకు మాత్రమే" అని రాసిన ఇటువంటి సీసాలు వ్యాయామశాలలకు చేరుతున్నాయి. కండరాల గాయం త్వరగా మానుతుందని నమ్మి బీపీసీ-157 అనే పెప్టైడ్‌ను ఒంట్లోకి ఎక్కించుకున్నానని మా కళాశాల పూర్వ విద్యార్థి ఒకరు నాతో చెప్పాడు, సీసా కూడా చూపించాడు. దాని మీద లాట్ సంఖ్య లేదు. ఆ పెప్టైడ్‌ను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022 నుంచి నిషేధిత జాబితాలో పెట్టింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో దానిని భద్రతపై అనుమానాలున్న పదార్థాల వర్గంలో చేర్చింది. పరిశోధనశాల కోసం చేసిన పెప్టైడ్‌ను సూక్ష్మజీవరహితంగా చేయరు, ఎండోటాక్సిన్ చూడరు, మిగిలిపోయిన ద్రావకాలను మనిషి రక్తంలోకి వెళ్లే మందుకు కొలిచినట్టు కొలవరు. పరీక్షపాత్రలో మాకు తప్పుడు అంకెను ఇచ్చే సీసా, ఇరవై రెండేళ్ల కుర్రవాడి రక్తంలో ఏం చేస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఈ కారణాల వల్ల మేము కోరుతున్నవి ఇవి.

తయారీదారులకు, అమ్మకందారులకు:

1. ప్రతి లాట్‌కూ ఆ లాట్ నుంచే తీసిన హెచ్‌పీఎల్‌సీ రేఖాచిత్రం, మాస్ స్పెక్ట్రమ్ ఇవ్వండి. వాటి మీద పరీక్ష తేదీ, స్తంభం, ప్రవాహ క్రమం, కొలిచిన కాంతి తరంగదైర్ఘ్యం ఉండాలి. అడిగితే యంత్రం నుంచి వచ్చిన అసలు ఫైలు పంపాలి. ఇది మా మొదటి కోరిక, మిగిలినవన్నీ ఆలస్యమైనా దీనికి ఆలస్యం ఉండవలసిన కారణం లేదు, ఎందుకంటే పరీక్ష నిజంగా చేసినవారి దగ్గర ఆ ఫైలు ఇప్పటికే ఉంటుంది.

2. సీసా మీద స్వచ్ఛతతో పాటు నికర పెప్టైడ్ శాతం, అంటుకున్న లవణం పేరు, తేమ శాతం ముద్రించండి, విడిగా రుసుము తీసుకోకుండా. కణాల మీద ప్రయోగాలకు కొనేవారికి టీఎఫ్‌ఏను తొలగించి ఎసిటేట్‌గానో క్లోరైడ్‌గానో మార్చి ఇచ్చే అవకాశం ధరల పట్టికలోనే చూపండి.

3. ఎండోటాక్సిన్ పరీక్ష చేసి ఉంటే అంకె రాయండి. చేయకపోతే "చేయలేదు" అని రాయండి. ఖాళీగా వదలవద్దు.

4. మార్చి నుంచి జూన్ దాకా మా ప్రాంతాలకు పంపే పెట్టెల్లో ఉష్ణోగ్రత సూచిక పెట్టండి, మళ్లీ పరీక్షించవలసిన తేదీ సీసా మీద వేయండి.

5. ఎవరు తయారుచేశారో చెప్పండి. మరొకరి దగ్గర కొని తమ లేబుల్ అంటించి అమ్మేవారు ఆ విషయం పత్రంలో తెలపాలి. ప్రతి లాట్ నుంచి కొంత నమూనా కనీసం రెండేళ్లు దాచి ఉంచి, ఫిర్యాదు వచ్చిన 30 రోజుల్లో దానిని మూడో పక్షం చేత పరీక్ష చేయించాలి.

6. సంస్థ ఆధారం లేని వ్యక్తులకు అమ్మవద్దు. ఒకపక్క "మనుషులకు కాదు" అని రాస్తూ మరోపక్క మోతాదుల గురించి సూచనలిచ్చే ప్రకటనలు ఆపండి.

కొనుగోలు సంఘాలకు:

7. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిని చూపించి "తక్కువ ధరే కొనాలి" అని మాకు చెబుతున్నారు. కోరిన ప్రమాణాలన్నీ తీర్చిన టెండర్లలో తక్కువ ధర ఉన్నదానిని ఎంచుకోమన్నదే ఆ నియమం ఉద్దేశం. ప్రమాణాలు ఇండెంట్‌లోనే, అంటే మేము ఇచ్చే కొనుగోలు కోరికపత్రంలోనే, రాయకపోతే తక్కువ ధర ఒక్కటే మిగులుతుంది. మా ఇండెంట్‌లో "మాగైనిన్ 2, 50 మిల్లీగ్రాములు, 95 శాతం పైన" అని మాత్రమే ఉంది. ఆ తప్పులో నాకూ భాగం ఉంది, అప్పటికి నాకు తెలిసినది అంతే. పైన చెప్పిన 1 నుంచి 4 అంశాలను పెప్టైడ్ కొనుగోలు షరతులుగా చేర్చండి. చెల్లింపులో నాలుగో వంతును స్వతంత్ర పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆపి ఉంచండి.

నిధులిచ్చే విభాగాలకు:

8. రసాయనాల పద్దులో పరీక్షల ఖర్చును విడిగా మంజూరు చేయండి. సీసీఎంబీ, ఐఐసీటీ వంటి జాతీయ పరిశోధన సంస్థలున్న హైదరాబాద్‌లో యంత్రాలున్నాయి, నిపుణులున్నారు. జిల్లా కళాశాలలు నామమాత్రపు రుసుముతో నమూనా పంపి రెండు వారాల్లో ఫలితం పొందే ఏర్పాటు చేస్తే, మాకు కొత్త యంత్రాలు అక్కరలేదు. లోపం తేలిన లాట్‌ల వివరాలు ఇతర పరిశోధకులకు తెలిసే పట్టిక ఒకటి నిర్వహించండి. మా చేతిలోని లాట్‌నే ఇప్పుడు మరో ఊళ్లో మరో విద్యార్థి తూస్తూ ఉండవచ్చు.

ఔషధ నియంత్రణ అధికారులకు:

9. వ్యాయామశాలలకు చేరుతున్న సీసాల మీద నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో తనిఖీ చేయండి. మందుగా వాడటానికి అమ్మితే అది 1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోకి వస్తుంది, సీసా మీద "పరిశోధనకు" అని ఉన్నంత మాత్రాన తప్పించుకోకూడదు. మా కళాశాలలో విద్యార్థులకు దీని గురించి చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాము, మీ అధికారి ఒకరు వస్తే సంతోషిస్తాము.

ఆ లాట్‌లో సీలు తీయని సీసాలు మూడు మా దగ్గర మైనస్ 20 డిగ్రీల వద్ద ఉన్నాయి. వాటితో పాటు రెండు విశ్లేషణ పత్రాలు, ఫ్రీజర్ రికార్డు, హైదరాబాద్ పరీక్ష నివేదిక, మా విద్యార్థిని ప్రయోగ పుస్తకం ఉన్నాయి. తయారుచేసిన సంస్థ ఒక సీసాను, గుర్తింపు పొందిన ఏ పరిశోధనశాల అయినా రెండో సీసాను తీసుకుని పరీక్షించవచ్చు, మూడోది మా దగ్గరే ఉంచుకుంటాము. ఫలితం మా మాటకు వ్యతిరేకంగా వస్తే ఇదే విధంగా బహిరంగంగా రాసి క్షమాపణ చెబుతాను. ఈ లేఖ తేదీ నుంచి 30 రోజులు ఎదురుచూస్తాము. మా విద్యార్థిని మూడో లాట్‌తో పట్టికను మొదటి గడి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

ఇట్లు,
ఒక జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు,
నెల్లూరు జిల్లా